వార్తల్లో పదం: జన్యుక్రమ పోలిక

రొయ్యల చెరువును పది రోజుల్లోపే ఖాళీ చేయగల తెల్లమచ్చ వైరస్ 1990ల తొలినాళ్లలో తూర్పు ఆసియాలో బయటపడింది. 1994కల్లా ఆంధ్ర తీరాన్నీ తాకింది. దాని డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివి, ఒకచోటి నమూనాను మరోచోటి దానితో సరిచూడటమే జన్యుక్రమ పోలిక. తొలుత పూర్తిగా చదివిన మూడు నమూనాల్లో థాయ్‌లాండ్‌ది సుమారు 2,93,000 అక్షరాలు, చైనాది 3,05,000, తైవాన్‌ది 3,07,000. తేడా చాలావరకు కొన్ని పెద్ద ముక్కలు రాలిపోవడం వల్లే వచ్చింది. మిగతా భాగం 99 శాతానికి పైగా ఒక్కటే. అంటే ఇవన్నీ ఇటీవలే ఒకే మూలం నుంచి విడిపోయాయని అనుకోవడానికి గట్టి ఆధారం ఉంది.

మందే లేని రోగానికి ఈ పోలిక ఎందుకని అడగవచ్చు. పీసీఆర్ పరీక్ష వైరస్ ఉందో లేదో చెబుతుంది. ఎటునుంచి వచ్చిందో చెప్పదు. హేచరీ సీడ్‌తోనా, పక్క చెరువు నీటితోనా, పీతలతోనా అన్నది తేలకుండా నివారణ గుడ్డిదే. అయితే పోల్చడానికి ఎక్కువగా వాడే పునరావృత భాగాలు త్వరగా మారతాయి, వాటిలో ఒక్కదాని సామ్యం కాకతాళీయం కావచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే అనేక భాగాలను, వీలైతే మొత్తం జన్యుక్రమాన్ని, సీడ్ కొనుగోలు వివరాలతో కలిపి చూడాలి. ఆ ఫలితం పరిశోధన పత్రాల్లో ఆగిపోకుండా, తర్వాతి పంటకు సీడ్ వేసేలోగా రైతు చేతికి అందాలి.