నువ్వు టీచరువి, నేను పిల్లని!

ఆ మధ్య మా ఇంట్లో మాటలకి కరువొచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మావాడు బడి నుంచి రాగానే సంచీ ఓ మూల పడేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు". మార్కులు తగ్గాయని వాళ్ళ నాన్న కేకలు, మధ్యలో నా సణుగుడు.

ఓ ఆదివారం కరెంటు పోయింది. రెండో తరగతి చదివే మా చిన్నది చున్నీని చీరలా చుట్టుకుని "బడి ఆట ఆడుకుందాం" అంది. అన్నయ్య టీచరు, నేను విద్యార్థిని. విసుక్కుంటూనే వాడు స్కేలు అందుకున్నాడు. అంతే, గొంతు మారిపోయింది.

"నీ బుర్రలో ఉన్నది మట్టేనా? మీ అమ్మానాన్నల డబ్బు దండగ! పో, వెనక బెంచీలో కూర్చో."

ఆ మాటలు వాడివి కావని తెలుస్తూనే ఉంది. "నిన్నిలా ఎవరన్నార్రా?" అని అడగబోయి నాలిక కరుచుకున్నాను. తల వంచుకుని "అర్థం కాలేదు సార్, మళ్ళీ చెప్పరూ?" అన్నాను. వాడు చాలాసేపు నన్నే చూసి, స్కేలు కింద పెట్టి "చెప్తాలే, ఏడవకు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ క్లాసులో జరిగినదంతా తనే చెప్పాడు.

ఈ ఆటనే వైద్యంగా మలిచిన డాక్టరొకాయన ఉన్నారని తర్వాత చదివాను. జాకబ్ మొరీనో 1889లో బుకారెస్టులో పుట్టారు. వియన్నాలో వైద్యం చదువుతూ, అక్కడి పార్కుల్లో పిల్లల్ని పోగుచేసి అప్పటికప్పుడు అల్లిన కథలు ఆడించేవారు. 'సైకోడ్రామా' ఆయన రూపుదిద్దిన చికిత్సే. అందులో ముఖ్యమైనది పాత్రలు మార్చుకోవడం. కొడుకు తండ్రవుతాడు, తండ్రి కొడుకవుతాడు. మాట పాత్ర నోటి నుంచి వస్తుంది కనుక సిగ్గూ భయమూ కాస్త తగ్గుతాయి.

చిన్నపిల్లలకి ఆటతో చికిత్స చేసిన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో రాసిన పుస్తకంలో చెప్పిందీ ఇదే: దారి చూపేది పిల్లలు, పెద్దలు వెనక నడవాలి, తొందరపెట్టకూడదు.

మనమూ ప్రయత్నించవచ్చు. అయితే ఆట మధ్యలో తప్పులు దిద్దకండి. చుట్టాల ముందు ఆడించకండి. ఆటలో అన్న మాటని మర్నాడు ఎత్తిపొడవకండి. అలా ఒక్కసారి చేస్తే పిల్లలు మళ్ళీ నోరు విప్పరు.

ఇంట్లో ఆడేది ఆటే, చికిత్స కాదు. పిల్లలకి రోజుల తరబడి నిద్రా తిండీ లేకపోయినా, చావు మాటెత్తినా మానసిక వైద్యుల దగ్గరకి తీసుకెళ్ళాల్సిందే. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఉచితం. ఏ వేళైనా పలుకుతారు.

మేమిద్దరం బడికెళ్ళి ఆ మాస్టారితో మాట్లాడాం. లెక్కల మార్కులు ఇంకా అంతంతమాత్రమే, కానీ గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడు.

మొన్న మావాడు నా వేషం కట్టాడు. తువ్వాలు కొంగులా దోపుకుని "పక్కింటబ్బాయిని చూసి నేర్చుకోరా!" అన్నాడు, అచ్చం నాలాగే. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు.