కుంట త్రవ్వించుటకు ముందు పంచాయతీ యోచింపవలసిన విషయములు

వేసవిలో యంత్రము వచ్చును. నాలుగు దినములు మట్టి యెత్తును. గట్టు లేచును, దానిపై పని వివరముల పలక నిలుచును. తొలకరి వానలకు కుంట నిండగా ఊరివారు సంతోషింతురు. మాఘమాసము వచ్చునప్పటికి పశువులు ఆ కుంట అడుగున ఎండిన బురదను వాసన చూచి వెనుకకు మరలును. ఇట్టి కుంటలు మన గ్రామములందు అరుదు కావు. సొమ్ము వ్యయమైనది, మట్టి కదలినది, నీరు మాత్రము నిలువలేదు. పని అప్పగించిన నాడు అడుగవలసిన ప్రశ్నలను అడుగకపోవుటయే ఇందులకు ముఖ్య కారణము.

పాత శాసనము చెప్పిన మాట

కడప సీమలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట అనంతరాజ సాగరమను చెరువును కట్టించి వ్రాయించిన శాసనమది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసిన మీదట ఆ చెరువు పూర్తియైనదని అందు కలదు. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను కూడ ఆ శాసనము పేర్కొన్నది. గట్టినేల, దృఢమైన కట్ట, విశాలమై లోతైన గర్భము మున్నగువానితో పాటు జలశాస్త్రము నెరిగిన వ్యక్తిని, కట్టడపు పనిలో నేర్పరులైన పనివారిని సైతము అంగములుగా లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట, నేల చౌడుబారి యుండుట, నీరు స్వల్పమై సాగునేల అధికమగుట, స్థలము స్వల్పమై నీరు అధికమగుట దోషములలోనివి. ఆరున్నర శతాబ్దముల నాటి ఈ పట్టిక నేటి చిన్న కుంటకును చక్కగా వర్తించును.

ఎందుకొరకు, ఎచ్చట?

కుంట ఎందుకొరకో మొదట తీర్మానించుకొనవలెను. పశువులు త్రాగుటకు, చేపలు పెంచుటకు, పైరుకు ఒక తడి యిచ్చుటకు అయినచో నీరు నిలువవలెను. చుట్టుపట్ల బావులలో ఊట పెరుగుటకు అయినచో నీరు ఇంకవలెను. మొదటిదానికి బంకమట్టి కావలెను. రెండవదానికి నీరు దిగు నేల కావలెను. ఒకే కుంటనుండి రెండు ప్రయోజనములను పూర్తిగా ఆశించుట పొరపాటు.

త్రవ్వదలచిన లోతుకంటె మరి యొక మీటరు అదనముగా రెండు మూడు చోట్ల పరీక్ష గుంటలు తీయింపవలెను. అడుగు మట్టిని తడిపి అరచేతుల నడుమ సన్నని కడ్డీవలె నులిమి వంచి చూడుడు. విరుగక వంగినచో అది బంకమట్టి. పొడిపొడిగా రాలినచో ఇసుకపాలు ఎక్కువ. గుంటను ఒకసారి నీటితో బాగుగా నానబెట్టి, సాయంకాలము మరల నింపి, ఉదయమున ఎంత దిగినదో కొలువుడు. తరతరములుగా మట్టిపని చేయుచున్న వడ్డెర, ఉప్పర కుటుంబముల పెద్దలు గ్రామమున ఉన్నచో ఆనాడు వారిని తప్పక పిలువవలెను. నేల గుణమును వారు పలుగు దెబ్బతో పోల్చగలరు.

నీరు ఎంత వచ్చునో కూడ లెక్కింపవలెను. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో 10 ఘనపు మీటర్ల నీరగును. పది హెక్టార్ల వాలునేలపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 5,000 ఘనపు మీటర్లు. అందు నాలుగవ వంతు పారి వచ్చుననుకొన్నను 1,250 ఘనపు మీటర్లు కుంటకు చేరును. వాలునేల రెండు హెక్టార్లే యైనచో చేరునది 250 మాత్రమే. ఈ లెక్క చూడక పెద్ద కుంట త్రవ్వించుట గాదెకట్టి గింజలకై వెదకుట వంటిది. వేసవిలో దినమునకు 5 మిల్లీమీటర్లకు మించి నీరు ఆవిరియగుట సామాన్యము గనుక, నిలువ కుంటకు వెడల్పుకంటె లోతు మేలు.

స్థలము ఏ సర్వే నంబరులోనిదో, నీరు వచ్చు వాగు దిగువ చెరువునకు పోవునదేమో రెవిన్యూ వారి దస్త్రములలో చూచుకొనవలెను. దిగువ ఆయకట్టువారి నీటిని ఆపివేసిన కుంట తగవునే మిగుల్చును. 2002 నాటి నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము కూడ ఇట్టి విషయములకు సంబంధించినదే.

పని ఎవరికి అప్పగింపవలెను?

కొన్ని ప్రభుత్వ పథకములలో గుత్తేదారులకు తావు లేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింది పనులలో వారు నిషిద్ధులై యుండిరి. కావున సొమ్ము ఏ పథకమునుండి వచ్చుచున్నదో, దాని నియమము లేవో మండల కార్యాలయమున ముందుగా తెలిసికొనవలెను. బయటివారికి అప్పగించు వీలున్నచో అతడు వెనుక త్రవ్విన రెండు కుంటలను చూపుమని అడుగవలెను. వానిని వానకాలమున గాక చలికాలము చివర చూడవలెను. కట్టపై నడిచి, పగుళ్లు, గండ్లు, కట్ట వెలుపలి చెమ్మ గమనించి, ఆ ఊరి పంచాయతీ సభ్యులతో మాటలాడవలెను. తక్కువ ధర చెప్పినవాడని మాత్రమే పని యిచ్చినచో ఆ తగ్గింపు కట్ట గట్టితనమునుండియే పోవును.

పంచాయతీరాజ్ ఇంజనీరు వేసిన అంచనా చేతిలో లేకుండ బేరమునకు కూర్చుండరాదు.

కొలతయే కీలకము

యంత్రపు గంటల లెక్కన సొమ్మిచ్చినచో గంటలు పెరుగును. ట్రాక్టరు లోడుల లెక్కన ఇచ్చినచో లోడులు పెరుగును. త్రవ్విన మట్టి వదులై, ఉన్నదానికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావున త్రవ్విన గుంటను కొలిచి, ఘనపు మీటరుకు ఇంతయని చెల్లించుట న్యాయము.

ఈ కొలతలోనే పంచాయతీ తరచు మోసపోవును. పైన 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు గల కుంటకు 1,200 ఘనపు మీటర్లని బిల్లు వచ్చినదనుకొందము. ఇరువదిని ఇరువదితోను, దానిని మూడుతోను హెచ్చించిన లెక్క యిది. కాని కుంట ప్రక్కలు నిట్టనిలువుగా ఉండవు, ఉన్నచో కూలిపోవును. ఒక మీటరు లోతునకు ఒకటిన్నర మీటరు వంతున వాలు ఇచ్చినచో అడుగున మిగులునది 11 మీటర్ల చదరమే. అపుడు పై వైశాల్యము 400, అడుగు వైశాల్యము 121, సగము లోతున 15.5 మీటర్ల చదరము గనుక వైశాల్యము 240.25 చదరపు మీటర్లు. నడిమిదానిని నాలుగుతో హెచ్చించి, మిగిలిన రెండింటిని కలిపి, మొత్తమును లోతుతో హెచ్చించి ఆరుతో భాగింపవలెను. వచ్చునది 741 ఘనపు మీటర్లు. త్రవ్వని 459 ఘనపు మీటర్లకు గ్రామము సొమ్ము చెల్లింపవలసి వచ్చుచున్నదన్నమాట! సభ్యులలో ఒక్కరైనను ఈ లెక్క నేర్చియుండుట అవసరము.

పని మొదలుపెట్టక మునుపే నేల మట్టమును కొలిచి వ్రాసికొనవలెను. లేనిచో పాత పల్లము కూడ క్రొత్త త్రవ్వకముగా లెక్కకెక్కును. త్రవ్వునపుడు అక్కడక్కడ కదలింపని మట్టిదిమ్మెలను విడిచినచో అవి లోతునకు సాక్షులగును. ఇంజనీరు, పనివాడు, సభ్యులు కలసి కొలిచిన పిమ్మటనే వానిని తీయనీయవలెను. ఈ కొలత వాన రాకమునుపే ముగియవలెను. నీరు నిండిన కుంట లోతును బిల్లు సమయమున ఎవరును చూడజాలరు.

కట్ట, అలుగు

కట్ట వేయు చోట గడ్డిని, వ్రేళ్లను, పై మట్టిని తొలగించి, గట్టినేల వరకు పునాది కాలువ తీసి బంకమట్టితో నింపవలెను. మట్టిని 15 నుండి 20 సెంటీమీటర్ల పొరలుగా పరచి, తడిపి, దిమ్మిస చేయవలెను. ఒక్కమారుగా కుప్పపోసిన కట్ట మొదటి వానకే క్రుంగును. పెద్ద వృక్షములను కట్టపై నాటరాదు; వాని వ్రేళ్ల వెంట నీరు త్రోవచేసికొనును. గడ్డి పెంచుట శ్రేష్ఠము.

మిగులు నీరు పోవుటకు అలుగు తప్పనిసరి. కట్ట తల అలుగు మట్టముకంటె కనీసము అరమీటరు ఎత్తున ఉండవలెను. నీరు వచ్చు ముఖమున చిన్న పూడిక గుంట తీసినచో ఒండ్రు అచ్చటనే ఆగును. ఇవన్నియు ఒప్పందములో వ్రాతపూర్వకముగా ఉండవలెను. నోటిమాటగా ఒప్పుకొన్న అలుగు చివరకు ఎవరి బాధ్యతయు కాదు.

ప్రాణరక్షణ, చివరి చెల్లింపు

లోతైన కుంట పిల్లలకు ప్రాణాపాయము. ఈత రాని బాలురు వేసవి సెలవులలో కుంటలలో మునిగి మరణించుట మనము వినుచునే యున్నాము. ఒక ప్రక్కన పశువులును మనుష్యులును దిగి ఎక్కుటకు వీలుగా మెల్లని వాలు ఉండవలెను. మిగిలిన ప్రక్కల కంచె, హెచ్చరిక పలక కావలెను. ఈ ఖర్చును అంచనాలోనే చేర్చినచో తరువాత సొమ్ము లేదను మాటకు తావుండదు. పని జరుగునపుడు ప్రక్కగోడను అడుగున తొలిచి పైమట్టిని కూల్చు పద్ధతిని ఎన్నడును అనుమతింపరాదు.

సొమ్మును విడతలుగా చెల్లింపవలెను: త్రవ్వకపు కొలత పిమ్మట ఒక భాగము, కట్టయు అలుగును పూర్తియైన పిమ్మట ఒక భాగము. చివరి భాగమును ఒక వానకాలము గడచువరకు నిలిపియుంచు షరతును ఒప్పందములోనే చేర్చుకొనవలెను. కొలతలను, చెల్లింపులను గ్రామసభలో చదివి వినిపింపవలెను.

సొంత పొలములో కుంట త్రవ్వించుకొను రైతునకును ఈ జాగ్రత్తలే వర్తించును. అతడు తన సొమ్మును కాపాడుకొనును. సభ్యులు ఊరి సొమ్మును కాపాడవలసినవారు. మొదటి పెద్దవాన వెలిసిన ఉదయమున సభ్యులందరును కట్టపైకి పోయి అలుగును, కట్ట వెలుపలి పాదమును స్వయముగా చూడుడు. అచ్చట చెమ్మ లేక, నీరు అలుగుమీదుగా మాత్రమే పోవుచున్నచో చివరి విడత చెల్లింపునకు నిస్సంకోచముగా సంతకము చేయవచ్చును.