వాతావరణం చల్లబడినా చర్మం కమిలిపోవచ్చు.. ఎండలో తిరిగేవాళ్ళు తెలుసుకోవాల్సినవి

నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర బుకింగ్ కోసం ఎదురుచూసే బైక్ ట్యాక్సీ కుర్రాళ్ళు, ఆర్టీఏ ట్రాక్‌కు లైసెన్సు టెస్టు కోసం వచ్చేవాళ్ళు, రోడ్డు పక్కన తోపుడు బండ్లు పెట్టుకున్నవాళ్ళు.. అందరికీ వడదెబ్బ అంటే భయమే. నీళ్ళు, మజ్జిగ తాగుతారు, తలకు గుడ్డ చుట్టుకుంటారు. కానీ చర్మాన్ని కమిలించేది వేడి కాదు, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు. వీటినే యూవీ అంటారు.

వేడి వేరు, యూవీ వేరు

వేడి ఎక్కువగా ఉండేది మధ్యాహ్నం 3 గంటల తర్వాత. యూవీ మాత్రం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, అంటే హైదరాబాద్‌లో 12:15 ప్రాంతంలో ఎక్కువ. 'ఇంకా వేడెక్కలేదు కదా' అని 11 గంటలకు బయటికెళ్ళి తిరిగేవాళ్ళకే చర్మం ఎక్కువ దెబ్బతింటుంది.

ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకు పక్కన నీడ పడదు. ఆగస్టులో వానలతో చల్లగా ఉన్నా, మబ్బు విడిస్తే ఎండ మే నెలలాగే కొడుతుంది. పలుచని మబ్బులు యూవీని పెద్దగా ఆపలేవు.

యూవీ ఇండెక్స్ 3కి చేరితే జాగ్రత్త మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 11 దాటితే తీవ్ర ప్రమాదం. ఫోన్‌లోని వెదర్ యాప్‌లో ఈ అంకె కనిపిస్తుంది. యాప్ లేకపోతే మీ నీడ చూసుకోండి. అది మీ ఎత్తు కంటే చిన్నగా ఉంటే యూవీ బలంగా ఉన్నట్టే.

'చామనఛాయ వాళ్ళకు ఏం కాదు' అనేది అపోహ. మన చర్మంలోని మెలనిన్ కొంతవరకే కాపాడుతుంది. ఎరుపు కనిపించకపోయినా మంట, దురద, తర్వాత మంగు మచ్చలు, ముడతలు వస్తాయి. యూవీ-ఏ కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి కాబట్టి కారు నడిపేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

ఏం చేయాలి?

మొదటి రక్షణ బట్టలే. దగ్గర నేత ఉన్న ముదురు రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడ కప్పే దస్తీ లేదా దుపట్టా చాలా పనిచేస్తాయి. బైక్ నడిపేవాళ్ళు చేతి వెనక భాగం మర్చిపోవద్దు.

కప్పుకోలేని చోట ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాయాలి. ముఖానికి, మెడకు రెండు వేళ్ళ పొడవునా పిండినంత కావాలి. చెమట పడితే రెండు గంటలు ఆగకుండానే మళ్ళీ రాయాలి. ఆరు నెలల్లోపు పిల్లల్ని మాత్రం నీడలోనే ఉంచాలి.

కమిలితే వెంటనే నీడలోకి వచ్చి చల్లటి నీళ్ళతో తడపండి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు. బొబ్బలు చిదపొద్దు. నిమ్మరసం అసలే రాయొద్దు, నిమ్మరసం పడ్డ చర్మానికి ఎండ తగిలితే బొబ్బలొస్తాయి. పెద్ద బొబ్బలు, జ్వరం, వాంతులు ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అసలు నష్టం క్రీములతో

నల్లబడ్డ ముఖం తెల్లబడాలని చాలామంది మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు వాడతారు. వారంలో ముఖం మెరుస్తుంది. నెలలు వాడితే చర్మం పలచబడి, మొటిమలు, ఎర్రదనం, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట మొదలవుతుంది. అందుకే 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. ఎండకు పట్టిన నలుపు నీడలో ఉంటే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించుకోండి, షాపువాళ్ళ సలహా మీద ఆధారపడొద్దు.