తలుపు తీస్తే దిగే మెట్టు

మన ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. అమెరికా రోడ్ల మీద తిరిగే పెద్ద మోటార్‌హోమ్‌కు అది కుదరదు. లారీ, బస్సు చాసిస్‌ల మీద కట్టిన ఇల్లు కాబట్టి గడప నేలకు బాగా ఎత్తు. మెట్టు బయటికి పొడుచుకుని ఉంటే దారిలో దేనికో తగిలి విరుగుతుంది. అయొవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ 1966లో మోటార్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టింది. ఇలాంటి బళ్లు కొని ఊళ్లు తిరిగేవాళ్లలో రిటైరైన దంపతులు చాలామంది. మోకాళ్లు సహకరించని వయసులో, తలుపు తీయగానే దానంతటది బయటికొచ్చే మెట్టు ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు.

తలుపు తెరిచిన సంగతి మెట్టుకు తెలిపేది వేలెడంత కూడా లేని గాజుగొట్టం. దాని పేరు రీడ్ స్విచ్. 1936లో బెల్ లేబొరేటరీస్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ టెలిఫోన్ వ్యవస్థల కోసం దీన్ని రూపొందించాడు. గొట్టంలో నికెల్ కలిసిన ఇనుప రేకులు రెండు, కొసలు తగలకుండా ఉంటాయి. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. తలుపుకు అయస్కాంతం, ద్వారబంధానికి స్విచ్. గాజులో మూసి ఉన్నందువల్ల దుమ్ము, తేమ రేకుల్ని అంటవు. ఎంత చక్కటి ఊహ అది!

క్వికీ అనే బ్రాండు మెట్లలో కంట్రోల్ పెట్టెకు నాలుగు తీగలు వెళ్తాయి. ఎరుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తెస్తుంది. పసుపు ఇంజిన్ తాళం తిప్పిన కబురు చెబుతుంది. తెలుపు లోపలి స్విచ్‌ది. అది ఆపేస్తే, బండి నిలిపి ఉన్నంతసేపూ మెట్టు బయటే ఉండిపోతుంది. గోధుమరంగు తలుపుది. లోపలి స్విచ్ ఆపి ఉన్నా సరే, ఇంజిన్ ఆన్ చేసి తలుపు వేస్తే మెట్టు లోపలికి పోవాలి. మెట్టును నడిపే మోటారుకు వెళ్లే కరెంటు దిశ మారిస్తే మెట్టు కదిలే దిశ మారుతుంది.

మెట్టు మొరాయిస్తే మల్టీమీటర్ పెడతారు. 12.6 వోల్టులు చూపిస్తుంది. కరెంటు బాగానే ఉంది, మోటారే పోయిందని తేల్చి కొత్తది కొనేస్తారు. అనవసరపు ఖర్చులన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఖాళీ చేదను లాగిన తాడు నిండు చేదను కూడా లాగుతుందని నమ్మడం లాంటిది ఇది. మీటరు తీసుకునే కరెంటు ఆంపియర్‌లో పదిలక్షల వంతు మాత్రమే. చిలుము పట్టిన అతుకులో అర ఓం నిరోధం ఉన్నా మీటరు పసిగట్టలేదు. అదే అతుకులోంచి మోటారు పది ఆంపియర్లు లాగబోతే అయిదు వోల్టులు అక్కడే ఆవిరవుతాయి. మిగిలిన ఏడున్నర వోల్టులతో మెట్టు మూలుగుతుంది, సగంలో ఆగుతుంది.

అందుకే పాత హెడ్‌లైట్ బల్బు మంచి పరికరమని నా గట్టి నమ్మకం. 55 వాట్ల బల్బు నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. మెట్టు దగ్గరి ఎర్ర తీగకూ ఫ్రేముకూ మధ్య దాన్ని వెలిగించి, వెలుగుతుండగానే మీటరు పెట్టాలి. అర ఓం నిరోధమున్న అతుకు ఉంటే దాదాపు రెండు వోల్టులు తగ్గిపోతాయి. బల్బు కళ తప్పుతుంది.

ఇక తలుపు తీగ. దాని సాకెట్ ఊడదీసి, పెట్టెవైపు కొసను ఎర్త్‌కు తాకించి తీస్తుంటే మెట్టు లోపలికీ బయటికీ పోవాలి. పోతే లోపం పైన రీడ్ స్విచ్‌లోనో అయస్కాంతంలోనో ఉన్నట్టు. తలుపు బందులు కాస్త కుంగితే చాలు, ఆ రెండింటి మధ్య ఎడం పెరిగిపోతుంది. ఈ పని చేసేటప్పుడు వేళ్లు మెట్టు కీళ్లకు దూరంగా ఉంచాలి. చెయ్యి లోపల పెట్టాల్సొస్తే ముందు ఎర్ర తీగ ఫ్యూజు పీకెయ్యాలి.

ఇదంతా చిన్న రిపేరేగదా అనుకోకండి. లోపలినుంచి దిగేవాళ్లు మెట్టు వైపు చూడరు, ఉందనే నమ్మకంతో కాలు వేస్తారు.

మెట్టు ఆగితే నేను ముందుగా అనుమానించేది ఎర్త్ తీగనే. చక్రాలు చిమ్మే నీళ్లూ, చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ నేరుగా దాని బోల్టు మీదే పడతాయి. మోటారు తిరుగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ మెట్టు ఫ్రేముకూ మధ్య కొలిస్తే అర వోల్టు దాటకూడదు. దాటిందంటే బోల్టు విప్పి, రంగూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయాలి. మళ్లీ కొలవాలి. అప్పుడు కూడా మెట్టు కదలకపోతేనే మోటారు మీదికో కంట్రోల్ పెట్టె మీదికో వెళ్లాలి.