ప్రింటరు రంధ్రములు పూడుకొనినచో



నేడు నేను చెప్పబోవు విషయము మీకు మొదట కొంత వింతగా తోచవచ్చును. పురాణమో, పైరు పంటల సంగతియో వినదలచిన పెద్దలకు ప్రింటరు కడుగు విధము చెప్పుటయేమి యని నవ్వుకొనువారును ఉందురు. కాని పాసుపుస్తకపు నకలు కావలెనన్నను, పింఛను దరఖాస్తు కావలెనన్నను, పిల్లవాని హాల్ టికెట్టు కావలెనన్నను ఊరిలో ఏదో యొక ప్రింటరు ముందు నిలువక తప్పదు గదా.

మా గ్రామ గ్రంథాలయమున ఇట్టి యంత్ర మొకటి యుండెడిది. ఒక వేసవిలో గదిని రెండు మాసములు మూసియుంచి, తెరచిన దినముననే ఒక బాలిక హాల్ టికెట్టుకై వచ్చినది. పరీక్ష మరునాడే. కాగితము వెలువడినది, దానిపై రంగులు గలవు గాని నలుపు లేదు. పేరు లేదు, సంఖ్య లేదు. నేను తొందరపడి హెడ్ క్లీనింగు అను ఏర్పాటును పది మారులు నడిపితిని. సిరా తరిగెను గాని అక్షరము రాలేదు. పిమ్మట ఎవరో చెప్పగా స్పిరిటు పోసితిని. దానితో వచ్చుచున్న రంగులును నిలిచిపోయెను. ఆ పిల్ల తండ్రి చీకటిలో తొమ్మిది మైళ్లు సైకిలు తొక్కి పట్టణమునుండి కాగితము తెచ్చుకొనెను. నన్నొక్క మాట యనలేదు. నాటి సిగ్గే నాచేత ఈ విషయమును చదివించినది.

ఇంకుజెట్టు ప్రింటరు సిరాను రుద్దదు, చిమ్మును. చిమ్ము రంధ్రముల వ్యాసము సుమారు 20 మైక్రానులు. తలవెండ్రుక మందము దాదాపు 70 మైక్రానులని తలచినచో ఆ సూక్ష్మత బోధపడును. వెలువడు చుక్క కొద్ది పికోలీటర్లు మాత్రమే. ఒక మిల్లీలీటరునకు 100 కోట్ల పికోలీటర్లు! చిమ్ము విధములు రెండు. కెనాన్, హెచ్.పి. యంత్రములలో సాధారణముగా సిరాను క్షణమాత్రము కాచగా బుడగ పుట్టి చుక్కను నెట్టును. 1977లో జపానునందు కెనాన్ పరిశోధకు డొకడు కాలిన టంకపు కడ్డీ సిరంజి సూదికి తగులగా సిరా చిమ్ముట చూచెననియు, అదియే దీనికి మూలమనియు చెప్పుదురు. ఎప్సన్ యంత్రములలో కాక యుండదు; విద్యుత్తు సోకగా వంగు పదార్థము చుక్కను నెట్టును.

ఇక సిరా. నీటిలో చక్కెరవలె పూర్తిగా కరగిన రంగు గలది యొకటి. దానిని డై సిరా యందురు. మిక్కిలి సన్నని పొడి నీటిలో తేలియుండునది రెండవది. అది పిగ్మెంటు సిరా. మన పూర్వులు దీపపు మసిని తుమ్మజిగురుతో నూరి చేసికొనిన సిరా ఈ రెండవ జాతిదే. నేటి నల్లసిరాలోను ఉన్నది మసియే. జిగురు చేసిన పనిని నేడు వేరు పదార్థములు చేయుచున్నవి. అవి మసికణములు ఒకదాని కొకటి అంటుకొనకుండ కాపాడును. అనేక యంత్రములలో నలుపు పిగ్మెంటు, తక్కిన రంగులు డై. నా యంత్రమున నలుపే ముందుగా మూగవోవుటకు కారణ మిదియే. రంధ్రముకడ నీరు ఆవిరియై పోగా మిగిలిన పొడి పెచ్చు గట్టినది. నేను పోసిన స్పిరిటు ఆ కణములను విడదీయుటకు మారుగా మరింత ముద్దగట్టించినది.

కావున కడుగుటకు ముందు నాజిల్ చెక్ అను గీతల పటమును రెండు మూడు మారులు తీసి పోల్చవలెను. ప్రతిసారి అవే గీతలు లోపించినచో సిరా ఎండినదని గ్రహింపదగును. లోపము చోటు మారుచున్నచో లోపల గాలి చేరినది. దానికి మందు కొన్ని గంటల విశ్రాంతియే. యంత్రము తనంతట చేసికొను శుద్ధి మూడు మారులకు మించరాదు. ఆ సిరా అంతయు అడుగునగల దూదిమెత్తలోనికి వ్యర్థముగా పోవును.

ద్రవములలో మొదటిది, తరచుగా చాలునది, డిస్టిల్డ్ వాటరు. బ్యాటరీ నీళ్లని కొట్లలో దొరకును. పొరబాటున బ్యాటరీ ఆసిడు తెచ్చుకొనకుడు. మన బోరునీరు పనికిరాదు. కాగిన గిన్నెకు పట్టు తెల్లని పొర యేదో అదియే రంధ్రములలోను పట్టును. డై సిరాకు తొమ్మిది పాళ్ల నీటికి ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలుపవచ్చును. పిగ్మెంటునకు ఆల్కహాలు వలదు. నీటిలో అమ్మోనియా కొద్ది బొట్లు మేలు, ఏలనన ఆ సిరా క్షారస్వభావము గలది. అమ్మోనియాను బ్లీచింగుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. వెనిగరు, అసిటోను, చేతులకు రాచుకొను శానిటైజరు—వీనిని దరిచేరనీయకుడు. సిరా నింపు దుకాణములలో దీనికై సిద్ధముగా దొరకు ద్రవము ఉన్నచో ఈ కలుపుల పనియే లేదు.

రంధ్రములు సిరాపెట్టెకే యున్నచో పని సులభము. గోరువెచ్చని నీటిలో తడిపిన నూలుపోగులు రాలని గుడ్డపై పెట్టెను కొద్ది నిమిషములు నిలిపి, అద్దవలెను, రుద్దరాదు. రాగిబిళ్లలకు తడి తగులనీయరాదు. అనేక సిరాట్యాంకు యంత్రములలో ఆ భాగము లోపలనే స్థిరముగా నుండును. అది నిలుచు చోట రబ్బరు తొట్టిలో ద్రవము నాలుగైదు చుక్కలు వేసి, రాత్రి యంతయు విడిచి, ఉదయమున ఒక్కమారు శుద్ధి నడుపవలెను. సిరంజితో బలముగా నెట్టుట, సూదితో పొడుచుట అను రెండును యంత్రమును చంపు పనులు. పాత కలపు పాళిని నానబెట్టితిమే గాని గోకితిమా?

మరియొక సంగతి. ప్రింటరును గోడ స్విచ్చుతో గాక దాని మీటతోనే ఆపవలెను. అప్పుడే రంధ్రములపై మూత పడును. పని నడుమ కరెంటు పోయినచో, వచ్చిన వెంటనే ఒకమారు వేసి మీటతో ఆపుడు. వారమున కొక్కటియైనను రంగుల పుట తీయవలెను. మా గ్రంథాలయమునకు క్రొత్తగా వచ్చిన యంత్రముపై ప్రతి ఆదివారము పిల్లలలో ఒకరు గీసిన బొమ్మను అచ్చువేసి గోడకు అంటించుచున్నాము. పోయిన వారము ఒక పిల్లవాడు పాలపిట్టను గీసినాడు. నీలము చక్కగా వచ్చినది.