పన్ను బకాయి పడిన ఖాళీ స్థలాలకు పట్టణ ల్యాండ్ బ్యాంకు: తెనాలి, బాపట్ల, రేపల్లెలకు ఎంతవరకు వర్తిస్తుంది?

ప్రత్యేక వ్యాసం

పురపాలక సంఘాల సొంత ఆదాయానికి ఆస్తి పన్ను ప్రధాన ఆధారమన్న సంగతి విదితమే. అందులో అంతర్భాగమైన ఖాళీ స్థలాల పన్ను మాత్రం విధింపులోను, వసూలులోను వెనుకబడి ఉంటోంది. ఇంటి పన్ను చెల్లించని యజమాని ఆ ఇంట్లోనే ఉంటాడు, బిల్లు కలెక్టరు తలుపు తట్టవచ్చు. ఖాళీ స్థలానికి తలుపు లేదు. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడి ఉండవచ్చు, లేదా ఏనాడో మరణించి వారసులు పేరు మార్పించుకోకపోయి ఉండవచ్చు. ఇటువంటి స్థలాలను ఒక సంస్థ ఆధీనంలోకి తెచ్చి ప్రజోపయోగానికి మళ్లించే విధానాన్ని కొన్ని దేశాలు ల్యాండ్ బ్యాంకు పేరిట అమలు చేస్తున్నాయి. ఆ విధానంలోని మేలు కీడులను, మన చట్టాల పరిధిని, గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల పరిస్థితులకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. ల్యాండ్ బ్యాంకు అనగానే మన రాష్ట్రంలో పరిశ్రమల కోసం సేకరించి ఉంచిన ప్రభుత్వ భూములు స్ఫురిస్తాయి. పెద్ద తరం వారికైతే రైతులకు దీర్ఘకాలిక రుణాలిచ్చిన సహకార భూమి తనఖా బ్యాంకులు గుర్తుకు రావచ్చు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ఈ రెండూ కావు. పన్ను బకాయిల కారణంగా గాని, హక్కుదారులు లేని కారణంగా గాని పట్టణంలో నిరుపయోగంగా పడి ఉన్న స్థలాలను స్వీకరించి, హక్కు చిక్కులు తొలగించి, తిరిగి వినియోగంలోకి తెచ్చే స్థానిక సంస్థ. పురపాలక స్థాయిలో ఈ అర్థంలో ప్రత్యేక సంస్థ మన చట్టంలో లేదు.

చట్టం ఏమి చెబుతోంది

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, 1965 ప్రకారం పూర్తిగా వ్యవసాయానికి వినియోగించని, భవనాలకు అనుబంధం కాని భూములపై పన్ను విధించవచ్చు. పురపాలక సంఘాలలో ఈ పన్ను స్థలం మూలధన విలువపై 0.20 శాతం, నగరపాలక సంస్థలలో 0.50 శాతం. భవనం ఉన్న ఆవరణలోనైనా భవన విస్తీర్ణానికి మూడు రెట్లు లేదా వెయ్యి చదరపు మీటర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే అనుబంధ స్థలంగా పరిగణిస్తారు. మిగిలినది ఖాళీ స్థలం కిందికే వస్తుంది. పెద్ద పెరళ్లు ఉన్న పాత ఇళ్ల యజమానులలో చాలామందికి ఈ నిబంధన నోటీసు అందేవరకు తెలియదు.

కేంద్రం 2020లో రాష్ట్రాల అదనపు రుణ పరిమితిని పట్టణ సంస్కరణలతో ముడిపెట్టింది. ఆ సంస్కరణలను మొదటగా పూర్తి చేసిన రాష్ట్రాలలో మధ్యప్రదేశ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ ఉంది. అదే సంవత్సరం చట్ట సవరణ జరిగి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు. పదిహేనవ ఆర్థిక సంఘం కూడా 2021–26 కాలంలో పట్టణాలకు గ్రాంట్లు పొందాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలని, వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి దీటుగా పెరగాలని షరతు విధించింది. కావున ఖాళీ స్థలాల బకాయి అన్నది కేవలం స్థానిక లెక్కల పుస్తకానికి పరిమితమైన విషయం కాదు.

పన్ను సకాలంలో చెల్లించకపోతే నెలకు రెండు శాతం చొప్పున సాధారణ వడ్డీ పడుతుంది. భూమి శిస్తు బకాయి తరువాత ఆ ఆస్తిపై మొదటి హక్కు పురపాలక పన్నుదే. డిమాండు నోటీసు, ఆపై చరాస్తుల జప్తు అన్నవి చట్టం చూపిన మార్గాలు. అయితే ఖాళీ స్థలంలో జప్తు చేయడానికి చరాస్తి ఉండదు, నిలిపివేయడానికి కుళాయి కనెక్షను ఉండదు. ఇంటి పన్ను బకాయిదారుపై పనిచేసే సాధనాలు ఇక్కడ పనికిరావు. చివరకు మిగిలేది స్థిరాస్తిపైనే చర్య. ఈ దారిలో 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం వేలం వరకు వెళ్లినా, వేలం జరిగిన ముప్పై రోజుల లోపు బకాయిని, కొనుగోలుదారుకు కొనుగోలు సొమ్ములో ఐదు శాతాన్ని జమ చేసి అమ్మకాన్ని రద్దు చేయమని కోరే అవకాశం యజమానికి ఉంది. నూటయాభై ఏళ్లకు పైబడిన చట్టమైనా, బకాయిదారు పట్ల ఈ మాత్రం న్యాయం పాటించింది.

అమెరికా అనుభవం

పన్ను బకాయి స్థలాల కోసం ల్యాండ్ బ్యాంకు మొదట 1971లో సెయింట్ లూయిస్ నగరంలో ఏర్పడింది. తరువాత క్లీవ్‌లాండ్, లూయీవిల్, అట్లాంటా నగరాలు అనుసరించాయి. ఎక్కువగా ఉదాహరించేది మిచిగన్ రాష్ట్రంలోని జెనెసీ కౌంటీని. మోటారు కార్ల పరిశ్రమ తరలిపోవడంతో అక్కడి ఫ్లింట్ నగర జనాభా 1960లోని సుమారు 1,97,000 నుంచి 2000 నాటికి 1,25,000కు పడిపోయింది. ఇళ్లు, స్థలాలు వదిలి జనం వెళ్లిపోయారు. 1999లో మిచిగన్ శాసనసభ పన్ను బకాయి ఆస్తుల స్వాధీన ప్రక్రియను ఏడేళ్ల వరకు పట్టే స్థితి నుంచి మూడేళ్లకు కుదించింది. 2003 నాటి మరో చట్టం ల్యాండ్ బ్యాంకులకు రూపమిచ్చింది.

నిధుల విషయంలో అక్కడి రెండు పద్ధతులు గమనించదగినవి. మిచిగన్‌లో ల్యాండ్ బ్యాంకు విక్రయించిన ఆస్తి తిరిగి పన్ను చెల్లించడం ప్రారంభించాక, ఐదేళ్లపాటు ఆ పన్నులో సగం ల్యాండ్ బ్యాంకుకే చెందుతుంది. ఒహాయోలో, 2009లో ఏర్పడిన కయహోగా కౌంటీ సంస్థకు, బకాయిలపై వసూలైన జరిమానా, వడ్డీలనుంచి నిధులు సమకూరాయి. ఏ స్థలాల వల్ల నష్టం కలిగిందో వాటినుంచే నిర్వహణ ఖర్చు రాబట్టడం రెండింటిలోని సూత్రం.

ఇదే దేశంలో మరొక కోణం కూడా వెలుగులోకి వచ్చింది. మిన్నెసోటా రాష్ట్రంలోని హెన్నెపిన్ కౌంటీ ఒక వృద్ధురాలి నివాసాన్ని సుమారు 15,000 డాలర్ల బకాయి కింద స్వాధీనం చేసుకుని 40,000 డాలర్లకు విక్రయించి, మిగిలిన 25,000 డాలర్లను కూడా తన ఖాతాలోనే ఉంచుకుంది. 2023 మే 25న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దీనిని తప్పుపట్టింది. బకాయికి మించిన విలువ యజమానిదేనని, దానిని పరిహారం లేకుండా తీసుకోరాదని స్పష్టం చేసింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదన్న మన రాజ్యాంగం 300-ఎ అధికరణం వెలుగులో ఈ తీర్పును అధికారులు శ్రద్ధగా చదవవలసి ఉంది.

మన పట్టణాల లెక్క వేరు

ఫ్లింట్‌లో స్థలం విలువ బకాయి కంటే తక్కువ. కనుకనే యజమాని వదిలి వెళ్లాడు. కృష్ణా డెల్టా పట్టణాలలో ఇందుకు విరుద్ధం. ఉదాహరణకు గజం పది వేల రూపాయలు విలువ చేసే 200 గజాల స్థలాన్ని ఊహించుకుందాం. మొత్తం విలువ 20 లక్షలు, పన్ను ఏడాదికి 4,000 రూపాయలు. ఐదేళ్లు చెల్లించకపోతే అసలు 20,000, వడ్డీ స్థూలంగా పది, పన్నెండు వేలు. మొత్తం బకాయి స్థలం విలువలో రెండు శాతానికి లోపే. స్థలం ధర ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరిగినా యజమానికి ఒక్క ఏడాదిలోనే లక్ష రూపాయలు కలిసివస్తాయి. అటువంటప్పుడు పన్ను కట్టకపోవడం నిర్లక్ష్యమే గాని స్థలాన్ని వదులుకోవడం కాదు. వేలం ప్రకటన పత్రికలో రాగానే చెల్లించడానికి పరుగున వస్తాడు.

అందువల్ల ఇక్కడ ల్యాండ్ బ్యాంకు చేతికి స్థలాలు కుప్పలుగా వచ్చిపడతాయన్న అంచనా సరికాదు. బకాయిదారులను కదిలించడం దాని మొదటి ఫలితం కాగలదు. నిజంగా దాని ఆధీనంలోకి రాగలిగినవి వేరే తరహా స్థలాలు. వారసులు లేకుండా మిగిలిపోయిన ఆస్తుల కోసం 1974 నాటి రాష్ట్ర ఎస్చీట్స్, బోనా వేకెన్షియా చట్టం ఉండనే ఉంది. లేఅవుట్లలో పది శాతం ఖాళీ జాగా పార్కుల వంటి ఉమ్మడి అవసరాలకు విడిచిపెట్టి దానపత్రం ద్వారా పురపాలక సంఘానికి అప్పగించాలన్నది నియమం. కాగితంపై అప్పగించి, నేలపై కంచె వేయని ఇటువంటి జాగాలు ఆక్రమణలకు సులభంగా లోనవుతాయి. వాటిని గుర్తించి, కొలిచి, సరిహద్దు రాళ్లు నాటడమే ల్యాండ్ బ్యాంకు చేయగల అతి విలువైన పని అనడం అతిశయోక్తి కాదు. దేవాదాయ, వక్ఫ్ భూములను మాత్రం ఈ లెక్కలో కలపరాదు. వాటికి ప్రత్యేక చట్టాలున్నాయి. భావనారాయణస్వామి పేరుమీద వెలసిన బాపట్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మూడు పట్టణాల అవసరాలూ ఒక్కటి కావు. 1909లోనే పురపాలక సంఘంగా ఏర్పడిన తెనాలి జనాభా 2011 లెక్కల ప్రకారం 1,64,937. కాలువల నడుమ కిక్కిరిసిన ఆ పట్టణంలో నడిబొడ్డున ఖాళీగా ఉన్న ప్రతి స్థలమూ వర్షాకాలంలో నీటి మడుగే. నల్లరేగడిలో నీరు ఇంకదు, దోమలు పెరుగుతాయి, చుట్టుపక్కల ఇళ్లవారు వైద్య ఖర్చుల రూపంలో ఆ యజమాని బాకీ తీరుస్తుంటారు. 70,777 మంది జనాభా గల బాపట్ల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలకు, ఉద్యోగుల నివాసాలకు స్థలాల అవసరం పెరిగింది. సముద్రతీర మండలాలకు కూడలిగా ఉన్న రేపల్లెలో జనాభా 50,866 మాత్రమే, బకాయి స్థలాల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను పోషించే స్తోమత ఆ పురపాలక సంఘానికి ఉండదు. మూడు పట్టణాలూ కలిసి ఒకే సర్వే సిబ్బందిని, ఒకే న్యాయ సలహాదారును వినియోగించుకుంటే భారం తగ్గుతుంది. తెనాలి వేరే జిల్లాలో ఉండడం వల్ల ఇందుకు ప్రభుత్వ స్థాయి ఉత్తర్వు అవసరమవుతుంది.

నిధులు ఎక్కడివి

ఒహాయో పద్ధతిలో వడ్డీ ఆదాయాన్ని ప్రత్యేక ఖాతాకు మళ్లించడం చూడడానికి సులభం. కాని ఆస్తి పన్ను బకాయిలపై వడ్డీ రాయితీలు మన రాష్ట్రంలో తరచుగా ప్రకటితమవుతున్నాయి. 2025 మార్చిలో వడ్డీలో 50 శాతం మినహాయింపు లభించింది. రాయితీ ప్రకటించినప్పుడల్లా ఆ నెల వసూళ్లు పెరుగుతాయి, నిజమే. అయితే సకాలంలో చెల్లించినవారికి దక్కని మేలు ఆలస్యం చేసినవారికి దక్కుతుంది. వడ్డీ మీదనే ఆధారపడిన సంస్థ ఆ ఏడు ఖాళీ ఖజానాతో మిగులుతుంది. రాయితీ, ల్యాండ్ బ్యాంకు ఈ రెండూ ఒకే నిధిపై నడవడం సాధ్యం కాదు.

మిచిగన్ పద్ధతి మన పట్టణాలకు దగ్గరగా ఉంది. ఇంతవరకు పన్ను పరిధిలోకి రాని స్థలాన్ని గుర్తించి అసెస్‌మెంట్ వేసినప్పుడు, మొదటి కొన్నేళ్ల పన్నులో ఒక భాగాన్ని సర్వేకు, కంచెకు, నోటీసులకు కేటాయించవచ్చు. కొత్త ఆదాయం వచ్చినప్పుడే ఖర్చు ఉంటుంది కనుక సాధారణ నిధిపై భారం పడదు. ఇందుకు రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజులను పురపాలక అసెస్‌మెంట్ రిజిస్టరుతో సరిపోల్చడం తొలి మెట్టు. క్రయ దస్తావేజు ఒకరి పేర, పన్ను రిజిస్టరు మరొకరి పేర ఉన్నంత కాలం నోటీసు చేరవలసిన చోటికి చేరదు. నోటీసు చేరలేదన్న ఒక్క కారణంతోనే వేలం కోర్టులో వీగిపోగలదు. దూరదేశాలలో ఉన్న యజమానికి స్థలం మీద అంటించిన కాగితం కనిపించదు. చివరిసారి నమోదైన చిరునామాకు, స్థానికంగా ఉన్న బంధువులకు కూడా సమాచారం పంపిన ఆధారం ఫైలులో ఉండాలి.

స్థలం సంస్థ ఆధీనంలోకి వచ్చాక దానిని ఏమి చేయాలన్నది కౌన్సిల్ బహిరంగంగా నిర్ణయించవలసిన అంశం. అత్యధిక ధరకు అమ్మడం ఒక మార్గం. అంగన్‌వాడీకి, వార్డు పార్కుకు, వాన నీటి ఇంకుడు గుంటకు, 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం నిర్దేశించిన విక్రయ ప్రాంతానికి కేటాయించడం మరొకటి. ధర నిర్ణయం, కేటాయింపు వివరాలు ముందుగా నోటీసు బోర్డుపై లేకపోతే పలుకుబడి గలవారికి తక్కువ ధరకు స్థలాలు చేరే మార్గంగా ఇది మారే ప్రమాదం ఉంది.

ఖాళీ స్థలాల యజమానులు తమ అసెస్‌మెంట్ నంబరు ఆధారంగా పురపాలక పరిపాలన శాఖ వెబ్‌సైట్‌లో గాని, సంబంధిత మున్సిపల్ కార్యాలయ రెవెన్యూ విభాగంలో గాని బకాయి వివరాలు తెలుసుకోవచ్చు. స్థలం కొనుగోలు చేసి ఇంకా పేరు మార్పించుకోనివారు రిజిస్టరు దస్తావేజు నకలుతో మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది.