హోదా మారిన వేళ పన్ను పరిశీలన: కాంట్రాక్టు నిపుణులు, చెల్లింపు అధికారులు గమనించవలసిన అంశాలు

ప్రత్యేక వ్యాసం

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రాజెక్టు కార్యాలయాలలో ఒకే విధమైన పని చేసే ఇద్దరిలో ఒకరు జీతం, మరొకరు కన్సల్టెన్సీ ఫీజు పొందడం సర్వసాధారణం. కాంట్రాక్టు నిపుణుడు అదే సంస్థలో ఉద్యోగిగా నియమితుడైనప్పుడు గాని, ఉద్యోగి రాజీనామా చేసి మరునాడే కన్సల్టెంటుగా చేరినప్పుడు గాని పన్ను అధికారులు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: పేరు మారినదా, పని స్వభావం మారినదా? సమాధానం సంతృప్తికరంగా లేనిచో గత సంవత్సరాల రిటర్నులు సైతం పరిశీలనకు వచ్చే అవకాశం ఉన్నది.

రెండు విధాల పన్ను

1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం జీతంపై సెక్షన్ 192 కింద శ్లాబు రేట్లను అనుసరించి, వృత్తి ఫీజుపై సెక్షన్ 194జె కింద సాధారణంగా 10 శాతం చొప్పున మూలం వద్ద పన్ను కోత విధించవలసి ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలు తేదీగా నిర్ణయించిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ అంశాలు 392, 393 సెక్షన్లలో చేరినవి. సెక్షన్ల సంఖ్యలు మారినను జీతానికి, ఫీజుకు మధ్య గల భేదం యథాతథంగా కొనసాగుతున్నది.

వ్యత్యాసం ఎంతటిదో ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చును. ఒక వైద్యుడు 2025-26 ఆర్థిక సంవత్సరంలో నెలకు రూ.2 లక్షల చొప్పున రూ.24 లక్షలు పొందినాడని, ఇతర ఆదాయం లేదని, కొత్త పన్ను విధానంలో ఉన్నాడని భావిద్దాం. అది వృత్తి ఫీజు అయినచో, సెక్షన్ 44ఎడిఎ కింద వసూళ్లలో సగాన్ని, అనగా రూ.12 లక్షలను ఆదాయంగా చూపవచ్చును. రిబేటు వర్తించి పన్ను లేకుండా పోవును. కోత విధించిన రూ.2.40 లక్షలు వాపసుకు అర్హమగును. అదే మొత్తం జీతమైనచో రూ.75,000 ప్రామాణిక తగ్గింపు పోగా రూ.23.25 లక్షలపై సెస్సుతో కలిపి రూ.2,92,500 పన్ను పడును. హోదా నిర్ణయంపై వివాదాలు తలెత్తడానికి మూలకారణం ఇదే.

న్యాయస్థానాల దృక్పథం

ఒప్పందానికి పెట్టిన పేరు మాత్రమే నిర్ణాయకం కాదు. యజమానికి పని విధానంపై గల అదుపు, పర్యవేక్షణలను 1956లో ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ప్రధానంగా పరిగణించినది. మన ప్రాంతానికి చెందిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో తీర్పునిస్తూ, కుట్టిన బట్టల లెక్కన కూలి పొందే దర్జీలు సైతం ఉద్యోగులేనని తేల్చినది. ఇవి కార్మిక చట్టాల కింద వచ్చిన తీర్పులైనను వాటి సూత్రాలు పన్ను వివాదాలలోనూ ప్రస్తావనకు వస్తుంటాయి. మరోవైపు 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ప్రైవేటు ప్రాక్టీసు స్వేచ్ఛ కలిగి, భవిష్యనిధి వంటి ప్రయోజనాలు లేని కన్సల్టెంట్ వైద్యుల చెల్లింపులు జీతం కావని నిర్ణయించినది.

పరిశీలన జరిగే తీరు

సంస్థలు దాఖలు చేసే త్రైమాసిక టీడీఎస్ వివరాల ఆధారంగా ఒకే వ్యక్తికి, ఒకే సంస్థ నుండి నిన్న ఫీజు, నేడు జీతం అందిన విషయం శాఖకు సులువుగా తెలియును. టీడీఎస్ సర్వే నిమిత్తం సంస్థ కార్యాలయాన్ని సందర్శించే అధికారం 2014 నుండి సెక్షన్ 133ఎ లో ప్రత్యేకంగా చేర్చబడినది. 2024 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ ప్రకారం, అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన పిమ్మట సాధారణంగా 3 సంవత్సరాల 3 నెలల వరకు, తప్పిన ఆదాయం రూ.50 లక్షలు లేదా అంతకు మించిన సందర్భాలలో 5 సంవత్సరాల 3 నెలల వరకు పునఃపరిశీలన నోటీసు జారీ కావచ్చును. తక్కువగా చూపిన ఆదాయంపై పడే పన్నులో 50 శాతం, తప్పుడు వివరాల వలన తగ్గించి చూపినచో 200 శాతం జరిమానా విధించే వీలున్నది. అయితే వాస్తవాలన్నీ వెల్లడించి, సద్భావంతో వివరణ ఇచ్చిన వారికి 270ఎ సెక్షన్ రక్షణ కల్పించినది.

బాధ్యత చెల్లించే వారిపై కూడా ఉన్నది. కోత తక్కువైనచో సంస్థను, ప్రభుత్వ కార్యాలయాలలోనైతే సంబంధిత డ్రాయింగ్ అధికారిని సెక్షన్ 201 కింద బకాయిదారుగా పరిగణించి నెలకు 1 శాతం వడ్డీ విధించవచ్చును. ఫీజు పొందిన వ్యక్తి ఆ మొత్తాన్ని రిటర్నులో లెక్కించి, పన్ను చెల్లించినట్లు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం సమర్పించినచో అసలు పన్ను బాధ్యత తొలగును. రిటర్ను దాఖలైన తేదీ వరకు వడ్డీ మాత్రం తప్పదు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

హోదా మారిన తేదీని ఉత్తర్వులో స్పష్టంగా పేర్కొనవలెను. పని వేళలు, సెలవులు, అజమాయిషీ, ఇతరత్రా ప్రాక్టీసు విషయంలో ఏమి మారినదో రాతపూర్వకంగా నమోదు చేయవలెను. మార్పు జరిగిన సంవత్సరంలో ఆ తేదీకి ముందు ఫీజును, తదుపరి జీతాన్ని వేర్వేరు శీర్షికల కింద చూపవలెను. పాత ఒప్పందాలు, బిల్లులు, బ్యాంకు వివరాలు పునఃపరిశీలన గడువు ముగిసే వరకు భద్రపరచవలెను. హాజరుపట్టీలో సంతకం, నెలవారీ స్థిర మొత్తం, సెలవుకు అనుమతి యథాతథంగా కొనసాగుతుండగా కేవలం "కన్సల్టెంట్" అన్న పదం చేర్చినంత మాత్రాన చట్టం దృష్టిలో హోదా మారదు. నియామక ఉత్తర్వు సిద్ధం చేసే దశలోనే ఈ అంశాన్ని తేల్చుకొనుట ఉభయులకు క్షేమకరం.